మూడు కోర్టుల కూడిక

అక్టోబర్ 3, మంగళవారం

అప్పీలు కాగితం ఇచ్చారు. పేరు, నంబరు, ఏ కోర్టు, ఏ రోజు, ఎంత శిక్ష. అన్నీ నింపాను. చివర ఒక ప్రశ్న: శిక్ష ఎందుకు ఎక్కువని అనుకుంటున్నారు? దాని కింద నాలుగు గీతలు.

చిత్తుగా రాసుకుందామని ఈ నోట్‌బుక్కు కొన్నాను.

మొదటి కోర్టు మూడేళ్ళు. పడవ మోటార్లు, ప్రొపెల్లర్లు. రెండో కోర్టు మూడున్నర. ఒడ్డున వేసవి ఇళ్ళలో రాగి గొట్టాలు. మూడో కోర్టు మూడు. పలకలు. ఒకటి అయ్యాక ఒకటి. మొత్తం తొమ్మిదిన్నర. నాకిప్పుడు నలభై తొమ్మిది. నేనెవర్నీ కొట్టలేదు. కత్తి చూపించలేదు. మనుషులు లేని చోటికే వెళ్ళాను.

ఇది నాలుగు గీతల్లో పట్టదు.

అక్టోబర్ 4, బుధవారం

డౌనీకి చూపించాను. ఈ గదిలో కింది మంచం ఆయనది, పైది నాది. అరవై నాలుగేళ్ళు. హాలిఫాక్స్ నగరానికి అవతల, కొండ మీది ఊరి మనిషి. లోపలికి రావడం ఇది మూడోసారి కనుక కాగితాల సంగతి లాయర్లకంటే ఆయనకే బాగా తెలుసని అందరూ అంటారు. చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"పలకలేంట్రా?"

"కంచువి."

"ఎక్కడివి?"

"శ్మశానాల్లోవి. సమాధి రాళ్ళకి బిగించి ఉంటాయి కదా, పేర్లు ఉన్నవి."

ఆయన కళ్ళజోడు దించి కాగితం మళ్ళీ చూశాడు.

"మరి అలా రాయి. ఒట్టి పలకలంటే బడిపిల్లల దగ్గర లాక్కున్నావనుకుంటారు."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

అక్టోబర్ 8, ఆదివారం

వెర్లీ వచ్చిందట. నేను కిందికి వెళ్ళలేదు.

అక్టోబర్ 9, సోమవారం

థాంక్స్‌గివింగ్ పండగ భోజనం. టర్కీ రెండు ముక్కలు, గుమ్మడి పిండివంట అరచేతిలో సగం. బయట వాన.

అక్టోబర్ 12, గురువారం

వెర్లీని ఎందుకు చూడవని డౌనీ అడిగాడు. చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

వెర్లీ మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను బడికి పంపినదీ, నా మొదటి ఓడ ప్రయాణానికి ఉన్ని చొక్కా అల్లినదీ తనే. మొన్న మార్చిలో మా ఇంటి వెనక షెడ్డులోకి పార కోసం వెళ్ళింది. టార్పాలిన్ ఎత్తింది. నేరుగా ఇంటికి వెళ్ళి పోలీసులకి ఫోన్ చేసింది. నన్నొక్క మాట అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి. అన్నీ తిరిగి ఇచ్చేసేవాణ్ణి. ఆ వారమే ఇచ్చేద్దామనుకున్నాను.

ఒక కడుపున పుట్టాం.

అక్టోబర్ 17, మంగళవారం

చలి మొదలైంది. భుజం పీకుతోంది.

అంతా భుజంతోనే వచ్చింది. ఆల్చిప్పలు పట్టే ఓడ మీద ఇరవై రెండేళ్ళు చేశాను. గొలుసు తెగి డెక్కు మీద పడ్డాను. డాక్టరు నాలుగు నెలలు మాత్రలిచ్చాడు, తర్వాత ఆపేశాడు. డాక్టరు ఆపాడు గాని భుజం ఆపలేదు. ఆ మాత్రలు బయట కొనాలంటే రోజూ ఏదో ఒకటి అమ్మాలి. నావి అయిపోయాయి. తర్వాత నావి కానివి.

మూడు కోర్టుల్లోనూ ఇదే చెప్పాను. ముగ్గురు జడ్జీలూ తలలూపారు. ముగ్గురూ మంచివాళ్ళలాగే ఉన్నారు. మూడో ఆవిడైతే "మీ బాధ నాకు అర్థమైంది క్రౌజ్ గారూ" అంది. అని మూడేళ్ళు వేసింది. ముందు ఉన్న ఆరున్నర అయ్యాక ఈ మూడు మొదలవుతాయంది. ఆరున్నర ఏళ్ళ తర్వాత మొదలయ్యే శిక్ష! అప్పటికి ఆ జడ్జి ఉద్యోగం మానేసి మనవలతో ఆడుకుంటూ ఉంటుంది.

అక్టోబర్ 22, ఆదివారం

వెర్లీ వచ్చింది. వెళ్ళలేదు.

అక్టోబర్ 26, గురువారం

కిటికీకీ తలుపుకీ మధ్య ఏడు అడుగులు. తిరిగి వస్తే ఏడు. డౌనీ పడుకుని ఉంటే మంచం పక్కనుంచి ఒరుసుకుని నడవాలి.

"ఒరేయ్, నువ్వు నడుస్తుంటే నాకు ఓడెక్కినట్టుంది. కూచో."

కూర్చున్నాను. కూర్చుంటే ఇంకా చిన్నదైపోతుంది గది.

కూడిక మళ్ళీ చేశాను. నలభై తొమ్మిది, తొమ్మిదిన్నర. యాభై ఎనిమిదిన్నర. ఎన్నిసార్లు చేసినా అంతే వస్తుంది.

నవంబర్ 2, గురువారం

పై కోర్టు నుంచి ఉత్తరం. మూడో శిక్ష మీద అప్పీలు సమయానికే అందిందట. మొదటి రెండింటికీ గడువు దాటింది, ఆలస్యం మన్నించాలా వద్దా అన్నది తర్వాత చూస్తారట. నాకొక లాయరుని కోర్టే పెట్టింది. తెరేసా స్వినిమర్.

డౌనీ అన్నాడు: "ముగ్గురు వంటవాళ్ళు ఒకే కుండలో ఎవరికి వాళ్ళు సరిగ్గానే ఉప్పేశార్రా. తినేవాడివి నువ్వు. ఈ ఒక్క మాట ఆ మేడంకి చెప్పు చాలు. మిగతాది ఆవిడ లాటిన్‌లో చెప్పుకుంటుంది."

నవంబర్ 5, ఆదివారం

వచ్చింది. వెళ్ళలేదు. బెల్లప్పాకం రొట్టె తెచ్చిందట, లోపలికి రానివ్వలేదట. గార్డు చెప్పాడు. నాకెందుకు చెప్పాలి?

నవంబర్ 14, మంగళవారం

లాయరు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచి. బూట్లకి మంచు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"క్రౌజ్ గారూ, ఒక్కో శిక్ష విడిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. ముందే చెప్తున్నా. మీరు చేసినవి చిన్న పనులు కావు."

"నేనెవర్నీ కొట్టలేదు మేడం."

"తెలుసు. మూడో కోర్టులో జడ్జి గారు ఒక మాటన్నారు, కోర్టు రికార్డులో ఉంది. 'మిగతా కోర్టులు ఏమిచ్చాయన్నది నా ముందున్న విషయం కాదు.' అది ఆవిడ ముందున్న విషయమే. ఎన్ని కేసులున్నా మనిషి ఒక్కడు. అన్నీ కూడితే వచ్చే మొత్తం, ఆ మనిషి చేసినదానికి తగ్గట్టు ఉందా లేదా అని చివర్లో ఒకసారి ఆగి చూడాలి. ఆవిడ ఆగలేదు. మనకి తెరుచుకునే తలుపు అదే."

కుండలో ఉప్పు మాట చెప్పాను. ఆవిడ నవ్వి కాగితం మీద రాసుకుంది.

"ఇంకొకటి కావాలి. బయటికొస్తే మీరు ఎక్కడుంటారు, మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు. రాతలో. ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఇక్కడ సందర్శకుల జాబితాలో ఒక పేరుంది. రెండు వారాలకొకసారి వస్తున్నారు. ఎనభై మైళ్ళ నుంచి."

ఆవిడ బూట్ల కింద కరుగుతున్న మంచుకేసి చూశాను.

"ఆవిడని అడగండి" అంది లేస్తూ. "నా కోసం కాదు. ఆ కాగితం లేకపోతే నా చేతిలో సగం కేసే ఉంటుంది."

నవంబర్ 19, ఆదివారం

వెళ్ళాను.

వెర్లీ కోటు విప్పకుండానే కూర్చుని ఉంది. జుట్టు ముందు భాగం తెల్లబడింది. నేను కూర్చున్నాక కూడా కాసేపు చేతులకేసే చూసింది.

"సన్నబడ్డావు" అంది.

"ఉత్తరం కావాలి అక్కా. పై కోర్టుకి. బయటికొస్తే నీ దగ్గర ఉంటానని."

"వచ్చీ రాగానే ఉత్తరమా."

"మరేం అడగను? ఎందుకు పట్టించావని అడగనా?"

"అడుగు."

అడగలేదు. తనే చెప్పింది.

"ఆ టార్పాలిన్ కింద మొట్టమొదట నా చేతికి ఏది తగిలిందో తెలుసా? పెర్సిస్ టానర్. మన పెర్సిస్ టీచర్ పలకరా అది. మూడేళ్ళు ఆవిడ దగ్గర కూచున్నావు. నీకు చదువు నేర్పినావిడ పేరు చదవలేదూ నువ్వు?"

"చీకట్లో తీశాను. చూడలేదు."

"షెడ్డులో దీపం ఉందిగా. పెట్టించింది నేనే."

గోడ మీద గడియారం చూశాను. ఇంకా నలభై నిమిషాలు.

"రాస్తాను" అంది. "నా ఇంట్లోనే ఉంటావు. కింద గది ఖాళీయే. కానీ అబద్ధం ఒక్క ముక్క రాయను. ఏం చేశావో అంతా రాస్తాను. ఆ తర్వాతే నా తమ్ముడని రాస్తాను. సరేనా?"

"అలా రాస్తే ఏం లాభం?"

"లాభం సంగతి నాకు తెలీదు. సరేనా కాదా?"

సరే అన్నాను. వేరే దారి లేదు. లేచేటప్పుడు నా ఎడమ భుజం మీద, మంచి భుజం మీద, చెయ్యి వేసింది. గార్డు ముట్టుకోవద్దన్నాడు. తీసేసింది.

డిసెంబర్ 6, బుధవారం

వెర్లీ ఉత్తరం నకలు లాయరు పంపింది. రెండు పేజీలు. మొదటి పేజీన్నర నేను చేసినవి. చివర్లో ఇలా ఉంది:

"వాణ్ణి పోలీసులకి అప్పగించింది నేనే. మళ్ళీ అదే చూస్తే మళ్ళీ అదే చేస్తాను. తొమ్మిదిన్నరేళ్ళు వాణ్ణి లోపల ఉంచితే నాకు వచ్చేది వేరే మనిషి. నేను అప్పగించినవాణ్ణే నాకు తిరిగి ఇవ్వండి. మిగతా పని నేను చూసుకుంటాను."

డౌనీ రెండుసార్లు చదివి మడత పెట్టి ఇచ్చాడు. "మీ అక్కకి పెళ్ళైందా?" అన్నాడు.

"నోర్ముయ్."

డిసెంబర్ 25, సోమవారం

ఏమీ లేదు.

జనవరి 9, మంగళవారం

లాయరు కేసు కట్ట మొత్తం పంపింది. ఒక పెట్టెడు. ప్రభుత్వం తరఫు లాయరు ఏం చదివి వినిపిస్తాడో ముందే తెలుసుకోమంది. మూడో కోర్టు నేరాల జాబితా తీశాను. పలకలు పంతొమ్మిది, పంతొమ్మిది పేర్లు. అక్క చెప్పిన టీచర్ పేరు తప్ప ఒక్కటీ గుర్తు లేదు. ఆకారాలు గుర్తున్నాయి. చేప ఆకారంలో ఒకటి. అంచున తాడు అల్లినట్టున్నది ఒకటి, దాని మరలు చాలా గట్టిగా ఉన్నాయి.

జాబితా వెనక బాధితుల మాటలు. కోర్టులో ఇవన్నీ చదివారు, నేను ఆ గదిలోనే ఉన్నాను. ఒక్కటీ చెవిన పడలేదు. ఒకదాన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఎల్డా హిమెల్‌మన్, డెబ్భై రెండేళ్ళు.

"అందరూ నాతో ఒకటే అంటున్నారు. పలక పోతే పోయింది, కింద ఆయన ఉన్నాడు కదా అని. కింద ఎవరూ లేరు. మా ఆయన పడవ ఫిబ్రవరిలో వెళ్ళింది, రాలేదు. ఆయనా దొరకలేదు, పడవ చెక్కా దొరకలేదు. ఆరేళ్ళు ఆగి ఆ పలక వేయించాను. దాని కింద ఉన్నది ఒట్టి గడ్డి. నాకున్న సమాధి ఆ పలకే. ఆ అబ్బాయి సమాధి మీద నుంచి పలక తీయలేదు. సమాధినే తీసుకుపోయాడు. ఎన్నేళ్ళు వేస్తారో మీ ఇష్టం. సంవత్సరాలు నేనేం చేసుకోను. అతను మా ఆయన పేరు ఒక్కసారి చదివాడా అన్నది అడగండి."

ఇంత పెద్ద కాగితంలో ఎక్కడా ఆయన పేరు చెప్పలేదు. మా ఆయన, మా ఆయన. జాబితాలో వెతికాను. హిమెల్‌మన్ అన్నది ఒక్కటే. పద్నాలుగో నంబరు, ఓబెడ్ హిమెల్‌మన్.

జనవరి 11, గురువారం

మనుషులు లేని చోటికే వెళ్ళాను అని రాశాను. నిజమే కదా. అక్కడ నిజంగానే ఎవరూ లేరు.

జనవరి 13, శనివారం

పలకల్ని సంచిలో బోర్లించి పెట్టేవాణ్ణి. ముఖాలు ఒకదానికొకటి తగిలి గీతలు పడకుండా అని పోలీసులకి చెప్పాను. కరగబోసే కంచుకి గీతలు పడితే ఏం.

దీపం ఉంది షెడ్డులో. వేసేవాణ్ణి కాదు.

జనవరి 24, బుధవారం

లాయరు ఫోన్. ఫిబ్రవరి ఎనిమిదిన విచారణ. ఆలస్యం మన్నించడానికి అవతలి వాళ్ళు అడ్డు చెప్పరట. ముగ్గురు జడ్జీలు. నేను మాట్లాడాల్సిన పని ఉండదట, అడిగితే తప్ప.

అడిగితే ఏం చెప్పాలో రాసుకున్నాను. చించేశాను. రాసుకున్నాను.

ఫిబ్రవరి 8, గురువారం

తెల్లారగానే వ్యానెక్కించారు. కిటికీ లేని డబ్బా, రెండు మోకాళ్ళూ ఎదుటి రేకుకి ఆని ఉంటాయి. చేతులకీ కాళ్ళకీ గొలుసు. రెండు గంటలు. ఎక్కడున్నామో తెలీదు. దిగేముందు తలుపు సందులోంచి పోటు తగ్గిన ఒడ్డు వాసన వచ్చింది, నాచు, బురద, డీజిలు. హాలిఫాక్స్ అని తెలిసింది. సముద్రం కనపడలేదు.

వెర్లీ వెనక వరసలో ఉంది. చర్చికి వేసుకునే కోటు.

స్వినిమర్ మేడం ఇరవై నిమిషాలు మాట్లాడింది. కుండలో ఉప్పు మాట కూడా వాడింది. మధ్యలో కూర్చున్న పెద్ద జడ్జి నవ్వు దాచుకున్నాడు. "ఒక్కొక్కటి చూడటం కాదు, దయచేసి మొత్తం చూడండి" అని ఆవిడ మూడుసార్లన్నది. ప్రభుత్వం లాయరు లేచి, పంతొమ్మిది కుటుంబాలున్నాయి, ప్రతి పలకా ఒక కుటుంబం, మొత్తంలో కలిపేస్తే ఆ కుటుంబాలు కనపడకుండా పోతాయన్నాడు. వెటకారంగా అనలేదు. నెమ్మదిగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

చివర్లో పెద్ద జడ్జి నాకేసి చూశాడు.

"క్రౌజ్ గారూ, మీరేమైనా చెప్తారా?"

చెప్పడానికి రాసుకున్నది జేబులో ఉంది. తీయడానికి చేతులు అందలేదు, గొలుసు. తీయకుండానే చెప్పాను.

"హిమెల్‌మన్ గారు అడిగారండీ, నేను పేరు చదివానా అని. చదవలేదు. ఒక్కటీ చదవలేదు. చదివితే తీయలేనని చదవలేదు. ఇప్పుడు మీ కాగితంలో చదివాను. ఓబెడ్ హిమెల్‌మన్. ఓబెడ్ హిమెల్‌మన్ గారి పలక నేనే తీశాను. అంతేనండి."

ముగ్గురు జడ్జీలూ తల వంచి ఏదో రాసుకున్నారు. స్వినిమర్ మేడం నా మోచెయ్యి తాకింది. వెర్లీ ముక్కు తుడుచుకోవడం వినపడింది.

తిరుగు ప్రయాణంలో, నిజం చెప్పాలంటే, సంతోషంగా ఉంది. బాగా మాట్లాడానని. అది రాయాలి కనుక రాస్తున్నాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

తీర్పు రాలేదు.

మార్చి 1, గురువారం

రాలేదు. ఏడు అడుగులు. డౌనీ ఇప్పుడు ఏమీ అనడం లేదు, కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నాడు.

మార్చి 15, గురువారం

ఆరున్నర!

స్వినిమర్ మేడం ఫోన్‌లోనే చదివింది. మొదటి రెండు శిక్షలూ అలాగే ఉంటాయి. మూడోది, ఆ మూడేళ్ళు, వాటితోపాటే నడుస్తుంది. విడిగా ఉండక్కర్లేదు. "మొత్తం ఈ మనిషిని నలిపేసేలా ఉంది, సరిదిద్దేలా లేదు" అని రాశారట. నేను కోర్టులో అన్న మాట కూడా తీర్పులో ఎక్కించారట.

మూడేళ్ళు! యాభై ఐదున్నరకి బయట. డౌనీ తన దగ్గరున్న చివరి కాఫీ పొడి కలిపి నాకు సగం పోశాడు. పక్క గదులవాళ్ళు తలుపులు బాదారు. వెర్లీకి ఫోన్ చేస్తే ఏడ్చింది, తర్వాత "కింద గదికి రంగు వేయించాలి" అంది.

మార్చి 16, శుక్రవారం

తీర్పు కాగితం వచ్చింది. డౌనీకి వినిపించాను.

"అయితే మోటార్లకి మూడు, రాగికి మూడున్నర."

"అవును."

"పలకలకి?"

"అవి కలిసిపోయాయి."

"కలిసిపోయాయంటే, వాటికి విడిగా రోజులేం లేవా?"

"లేవు."

ఆయన "ఊఁ" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. జవాబు చెప్పేవాణ్ణి.

మోటారుకి ఇన్ని నెలలు. గొట్టానికి ఇన్ని నెలలు. ఓబెడ్ హిమెల్‌మన్‌కి ఒక్క రోజు లేదు.

నేనే కదా అడిగాను, మొత్తం చూడమని.

మార్చి 20, మంగళవారం

ఆవిడకి ఉత్తరం రాశాను. నేరుగా పంపకూడదట. బాధితుల ఆఫీసుకి ఇస్తే, ఆవిడ ఒప్పుకుంటేనే చేరుస్తారట. ఇది నాలుగో ప్రతి. మొదటి మూడింటిలో భుజం ఉంది. దీంట్లో లేదు.

"అమ్మా, ఓబెడ్ గారి పలక తీసింది నేను. అది అప్పుడే అమ్మేశాను, కరిగిపోయింది, తిరిగి తేలేను. తగ్గిన శిక్ష గురించి పేపర్లో చూసే ఉంటారు. మీ వారి పేరు కోర్టులో చదివాను. డెల్బర్ట్ క్రౌజ్."

ఏప్రిల్ 10, మంగళవారం

జవాబు లేదు. ఎందుకుంటుంది?

మే 3, గురువారం

జవాబు వచ్చింది. గీతల కాగితం, పెన్సిలు. ఆఫీసు ముద్ర ఉంది.

"డెల్బర్ట్ క్రౌజ్‌కి.

నీ ఉత్తరం అందింది. ఓబెడ్ మా మామగారు. ఆయన శుభ్రంగా తొంభై ఏళ్ళు బతికి మంచం మీద పోయాడు, రాతి కింద ఉన్నాడు, ఆయన పలకని ఎవరూ ముట్టుకోలేదు. ఆ స్థలం కొన్నది ఆయన కనుక శ్మశానం పుస్తకంలో ఆయన పేరుంది. పలక లేదు కదా చూసి రాయడానికి. పోలీసులు పుస్తకం చూసి రాసుకున్నారు. అందరూ అదే ఎక్కించుకుంటూ పోయారు. కింది కోర్టులో చెబుదామని చెయ్యెత్తాను. తర్వాత చెప్పండమ్మా అన్నారు. తర్వాత ఎవరూ అడగలేదు.

నువ్వు హాలిఫాక్స్‌లో ఓబెడ్ పేరు చెప్పావని పేపర్లో చదివాను. నవ్వొచ్చింది. మా మామగారు ఉండుంటే నిన్ను కర్రుచ్చుకు కొట్టేవాడు. తర్వాత ఏడుపొచ్చింది.

శిక్ష తగ్గినందుకు నాకు కోపం లేదు. పెరిగినా సంతోషం ఉండేది కాదు. మా ఆయన పేరు ఓవెన్. ఓవెన్ జేమ్స్. పుట్టిన సంవత్సరం 1947, దాని పక్కన గీత. గీత తర్వాత ఏమీ లేదు. వేయించాల్సింది నేనే. పోయిన సంవత్సరం చెప్పమని చెక్కేవాడు రెండుసార్లు అడిగాడు. నా నోట రాలేదు. అలాగే ఉంచెయ్యమన్నాను.

ఎల్డా హిమెల్‌మన్."

మే 4, శుక్రవారం

ఉత్తరం డౌనీ చదివాడు. చదివి లేచి కూర్చున్నాడు.

"ఒరేయ్, పద్నాలుగో నంబరు తప్పు. కాగితంలో ఉన్నవాడి పలక నువ్వు తీయనే లేదు. లాయరుకి చెప్పు. ఇంకో రెణ్ణెల్లు తగ్గుతాయేమో."

"ఇందులో తగ్గడానికేముంది? ఆ మూడేళ్ళూ ఎలాగూ కలిసే నడుస్తున్నాయి."

"రికార్డులోంచి ఒక నేరం పోతుంది కదా. పెరోలు బోర్డు ముందు ఒకటి తక్కువైనా తక్కువే."

నిజమే. ఒకటి తక్కువైనా తక్కువే.

మే 5, శనివారం

రోజంతా ఆలోచించాను. ఫోన్ వరసలో నించున్నాను కూడా. నా ముందు ఇద్దరున్నప్పుడు వచ్చేశాను.

మే 7, సోమవారం

స్వినిమర్ మేడంకి ఉత్తరం రాశాను. కేసు కొట్టేయమని కాదు. మూడో కోర్టు జాబితాలోనూ, పై కోర్టు తీర్పులోనూ పద్నాలుగో పేరు మార్చమని. నేరం అలాగే ఉంచి పేరు సరిచేయమని. అలా చేస్తారో లేదో తెలీదు. అడిగినవాళ్ళెవరూ లేరేమో ఇంతవరకు.

డౌనీకి చూపించాను. "నువ్వు పిచ్చోడివి" అన్నాడు. తన దగ్గర నుంచి కవరు తీసిచ్చాడు.

ఎల్డా గారికి కూడా రెండు వాక్యాలు రాశాను. మొన్న కోర్టులో నేను పలికింది వేరే ఆయన పేరు. మీ వారిది ఇంకా చదవలేదు, ఇప్పుడు చదువుతున్నాను.

ఆవిడ కాగితం గోడకి ఆనించి పెట్టుకుని చూస్తూ ఎక్కిస్తున్నాను, ఒక్క అక్షరం తప్పు పోకుండా.

ఓవెన్ జేమ్స్ హిమెల్‌మన్
1947 –